హైదరాబాదులో క్లోరోఫారము పరీక్ష

నేడు రసాయనశాలలలో పదార్థములను కరగించుటకు వాడబడు క్లోరోఫారము మొదట మత్తుమందుగా ప్రసిద్ధి కెక్కెను. 1847లో ఎడింబరో నగరమున సింప్సను దీనిని వైద్యమున ప్రవేశపెట్టెను. మరుసటి యేడే ఇంగ్లండులో హానా గ్రీనరను 15 ఏండ్ల బాలిక దీనిని పీల్చి మరణించెను. ముందాగునది గుండెయా, ఊపిరియా యని వైద్యులలో వివాదము పుట్టెను.

దీనిని తీర్చుటకు మా స్టేషన్ ఘన్‌పూరు చేరియుండిన నాటి నైజాము రాజ్యమే పూనుకొనెను. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ యాధ్వర్యవమున 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదున రెండు విచారణ సంఘములు జరిగెను. రెండవదానికి లాన్సెటు పత్రిక పక్షమున లాడర్ బ్రంటను వచ్చెను. అందులకై మహబూబ్ అలీ ఖాను ప్రభుత్వము 1,000 పౌనులొసగెను. కుక్కలపై, కోతులపై ప్రయోగములు చేసి, ఊపిరియే ముందాగుననియు, దానిని కనిపెట్టియుండినచో భయము లేదనియు తేల్చిరి.

ఊపిరిని కనిపెట్టుడన్న మాట మేలైనదే. భయము లేదన్నది మాత్రము నిలువలేదు. స్వల్పమైన మత్తులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో లెవీ ప్రయోగపూర్వకముగా చూపెను. అంతియేగాక, దీనివలన కాలేయము చెడును. గాలి, వెలుతురు సోకినచో ఇది ఫాస్జీనను విషవాయువుగా మారును. కావుననే దీనిని ముదురురంగు సీసాలలో దాచుదురు.

రాజాదరము, వైద్యుల ప్రతిష్ఠ యుండియు తీర్పు తప్పినది. కాబట్టి పాఠశాలలో సీసా మూత తీయు పిల్లలకు, తియ్యని వాసన క్షేమమునకు గుర్తు కాదని పెద్దలు ముందే బోధింపవలయును.