కాచిగూడలో ఆ రాత్రి

సంతోష్‌నగర్ చౌరస్తాలో ఆటో ఎక్కండి. రాత్రి పొద్దుపోయింది. ఐ.ఎస్. సదన్, సైదాబాద్, మలక్‌పేట దాటి, చాదర్‌ఘాట్ దగ్గర మూసీ మీదుగా కాచిగూడలో దిగండి. ఇప్పుడీ దుకాణాల లైట్లన్నీ మనసులోనే ఆర్పేయండి.

ఇది 1948 ఆగస్టు 21. 'ఇమ్రోజ్' ఉర్దూ దినపత్రిక ఆఫీసులో మర్నాటి పేపరు పని నడుస్తోంది. ఆ కాలపు చాలా ఉర్దూ పత్రికల్లో ఒక్కో అక్షరం పేర్చే పని లేదు. కాతిబు కలంతో పేజీ మొత్తం రాస్తాడు, ఆ రాతనే రాతి పలక మీదికెక్కించి అచ్చేస్తారు. ప్రతి వార్త వెనకా ఒక మనిషి చెయ్యి ఉంటుంది.

సంపాదకుడు షోయబుల్లాఖాన్‌కు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ముందు పనిచేసిన 'తేజ్', 'రయ్యత్' పత్రికలను నిజాం సర్కారు మూయించింది. కాంగ్రెస్ నాయకుడు బూర్గుల రామకృష్ణారావు అండతో ఇమ్రోజ్ పెట్టారు. పల్లెల్లో నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్లు చేస్తున్న దోపిడీలు, హత్యలు అందులో బయటపెట్టారు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాశారు. ముస్లింల పేరు చెప్పి కత్తులు దూస్తున్న వాళ్లను ఒక ముస్లిమే నిలదీయడం రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీకి కంటగింపైంది. ఎదురు రాసే చేతులను నరికేస్తామని సభలోనే హెచ్చరించాడు. బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. షోయబుల్లా రాయడం ఆపలేదు.

అర్ధరాత్రి దాటింది. ఆయన బావమరిదితో కలిసి ఇంటికి బయల్దేరారు. మీరూ వెంట నడవండి. ఇల్లు దగ్గర్లోనే. చీకట్లోంచి మనుషులు వచ్చి పడ్డారు. తుపాకీ పేలింది. కిందపడ్డ మనిషి చేతిని కత్తితో నరికారు. చంపితే చాలదనుకున్నారు, రాసిన చెయ్యే తెగిపడాలి. అడ్డొచ్చిన బావమరిది చెయ్యీ పోయింది. షోయబుల్లా తెల్లారకముందే కన్నుమూశారు.

నెల తిరగకుండానే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు. షోయబుల్లా కోరిన విలీనం ఆయన చూడలేదు. రజ్వీ జైలు నుంచి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. కలం పట్టిన వాళ్లను చంపడం మాత్రం అక్కడితో ఆగలేదు. నాయకుల గుట్టు రట్టు చేస్తూ 'ఎన్‌కౌంటర్' పత్రిక నడిపిన పింగళి దశరథరామ్‌ను 1985 అక్టోబరులో విజయవాడలో చంపేశారు. అది స్వతంత్ర దేశంలో, మన తెలుగు నేల మీదే.

ఎక్కడెక్కడి నాయకులకో విగ్రహాలు పెట్టుకున్నాం. షోయబుల్లాఖాన్ ఎవరని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? కాచిగూడ మీదుగా వెళ్లేటప్పుడు పక్కన కూర్చున్న పిల్లలకు ఆయన కథ చెప్పండి.