జట్కాయింటి జమాఖర్చు

అశ్వమునుగూర్చి మన చరిత్రకారులు వ్రాసినదంతయు ప్రాయికముగా రాజుల అశ్వశాలలనుగూర్చి వ్రాసినదే. విజయనగర రాజ్యమున కొంతకాలము వసించి, పదునాఱవ శతాబ్దమున ఆ రాజ్యవృత్తాంతమును లిఖించిన న్యూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు, సాళువ నరసింహరాయలు ఓర్మజు, ఏడెను రేవులనుండి గుఱ్ఱములను తెప్పించి, బ్రతికినవానికిని చచ్చినవానికిని ఒక్కటే వెల చెల్లించుచుండెననియు, నడిసముద్రమున మరణించిన గుఱ్ఱమునకు దాని తోకను తెచ్చి చూపినను వర్తకునకు మూల్యము ముట్టుచుండెననియు తెలిపినాడు. విజయనగర రాజు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనుచుండెనని వ్రాసినవాడును ఆతడే. ఇట్టి వ్యయమును భరించుటకు రాజునకు భూమిశిస్తు కలదు, రేవుసుంకములు కలవు, గుఱ్ఱపుదళములను పోషించు అమరనాయకులు కలరు. ఆ అశ్వజాతియే రాజద్వారమును వీడి, పేటలలోని తాటాకుపాకలకు వచ్చి, ఏనాటి సంపాదన ఆనాడే తిను కుటుంబమునకు ఆధారమై నిలిచిన కాలమొకటి మనకు మిక్కిలి సమీపమున గడచినది. ఆ కుటుంబము తన రూపాయిని ఎట్లు పంచుకొనెనో తెలిసికొననిదే మన పట్టణముల చరిత్ర మనకు పూర్తిగా తెలిసినట్లు కాదు.

ఆ కాలమును తెచ్చినది రైలుబండి. 1893లో బెజవాడయొద్ద కృష్ణపైని, 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపైని రైలువంతెనలు వెలసి, మద్రాసు కలకత్తాల నడుమ మార్గమేర్పడగా, గుఱ్ఱమునకిక పని తప్పునని తోచుట సహజము. జరిగినది మాత్రము దానికి విరుద్ధము. పొగబండి ప్రయాణికులను స్టేషనువఱకే తెచ్చి దింపును. అచ్చటినుండి ట్రంకుపెట్టెలతో, పక్కచుట్టలతో, పసిపిల్లలతో ఊరిలోనికి చేరుటకు వేఱొక వాహనము కావలసివచ్చినది. ఎద్దుబండి మందగామి, మోటారు ధనికులది. నైజాము నగరమున టాంగాయు, సర్కారు జిల్లాలలో జట్కాయు ఆ కొఱతను తీర్చినవి. ప్రతి రైలుస్టేషను ముంగిట జట్కాల వరుస నిలిచి, స్థిరపడిన వృత్తి యొకటి, అందు పెక్కుచోట్ల సాయిబుల వృత్తిగా, తండ్రినుండి కొడుకునకు సంక్రమించెను.

జట్కా రెండు చక్రముల బండి. పైన వంపుతిరిగిన గూడు, క్రింద పలకలపై పఱచిన గడ్డి, ఆ గడ్డిమీద చాపయో గోనెపట్టాయో. ప్రయాణికులు వెనుకనుండి ఎక్కి, కాళ్లు ముడుచుకొని కూర్చుండవలెను. బరువు వెనుకకు మొగ్గినచో నొగలు పైకి లేచి పొట్టపట్టెడ బిగిసి గుఱ్ఱమునకు ఊపిరి సలుపదు. ముందునకు మొగ్గినచో భారమంతయు దాని వీపుమీద పడును. అందువలన "కాస్త ముందుకు జరగండమ్మా, బాబుగారూ మీరు కొంచెం వెనక్కి" అని సర్ది సర్ది కూర్చుండబెట్టినగాని బండివాడు పగ్గములు చేతబట్టడు. ఆసనముగా పఱచిన ఆ గడ్డియే కొంత మధ్యాహ్నమున గుఱ్ఱమునకు మేత యగును. జట్కాయింట ఒక వస్తువు ఒక్క పనికే ఉపయోగపడుట అరుదు.

ఆ యింటి దినచర్య గుఱ్ఱముతోనే ఆరంభమగును. తెల్లవాఱుజామున యజమాని గొరపముతో దాని మేను తోముచుండగా ఇల్లాలు పొయ్యిమీద ఉలవల కుండ నెక్కించును. ఉలవ గట్టిగింజ, నానియో ఉడికియో మెత్తబడనిదే ఒంటబట్టదు. ఎడ్లకు ఉడికించిన ఉలవల కట్టు రైతుల యిండ్లలో చారైనట్లే, ఇచ్చటను ఒక్క కుండయే ఇరువురి ఆకలికి ఉపకరించును. రైతునకును జట్కావానికిని గల భేద మీ మేతయందే స్పష్టముగా కానవచ్చుచున్నది. ఎద్దు నెమరువేయు జంతువు. యజమాని పొలమున పండిన వరిగడ్డిని తిని, దానిని బలముగా మార్చుకొనగలదు. గుఱ్ఱమట్లు కాదు. దాని జీర్ణకోశము చిన్నది, కొలదికొలదిగా దినమంతయు మేయవలెను. వట్టి వరిగడ్డిపై బండి లాగజాలదు. 200 కిలోల బరువుగల చిన్న తట్టువకైనను దినమునకు నాలుగైదు కిలోల ఎండుమేతకు సమానమైన ఆహారము కావలయును. పచ్చగడ్డి రూపమున నది పెద్దమోపగును. పొలములేని పట్టణవాసి ఆ మోపును, ఆ దాణాను దినదినము రొక్కమిచ్చి కొనవలసినదే.

ఇందుండి ఆ యింటి ఆర్థికసూత్రము ఏర్పడినది. సాయంకాలము చేతికి వచ్చిన అణాలు, అర్ధణాలు ఇల్లాలి ముందు పోయగా, మొదటి భాగము గడ్డిమోపునకు, రెండవది ఉలవలకు, మూడవది అప్పులవానికి పోయి, మిగిలినది బియ్యమునకు చేరును. పిల్లలకంటె ముందు పశువునకు పెట్టుట నిర్దయ వలన కాదు. నేడు పస్తుండిన గుఱ్ఱము రేపు అడుగు వేయదని, రేపు అది అడుగు వేయనిచో పొయ్యి వెలుగదని వారెఱుగుదురు. కిరాయి బేరములోను గుఱ్ఱమే ముందుకు వచ్చెడిది. "నాలుగణాలిప్పించండి బాబూ, గుఱ్ఱానికి గడ్డైనా రావద్దా?" అను మాటలో యాచన కొంత యున్నను, దాని వెనుకనున్న లెక్క మాత్రము యథార్థమైనది.

దినవ్యయములు తీఱినను విడువని ఖర్చులింకను కలవు. గిట్ట గోరువలె పెరుగుచుండును గావున, నాలుగాఱు వారములకొకమాఱు పాత లాడములను ఊడదీసి, గిట్టలు చెక్కి, లాడములు మరల కొట్టింపవలెను. తోలుపట్టెడలు తెగును, ఇరుసు అరుగును, చక్రపు పట్టా సడలును. బండికిని గుఱ్ఱమునకును పురపాలకసంఘము పన్ను విధించెడిది. 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక శాసనము అందుకు అధికార మిచ్చినది. జంతువులయెడ క్రౌర్యమును నిషేధించిన 1890 నాటి శాసనము క్రింద, పుండుపడిన, కుంటువడిన గుఱ్ఱమును పూన్చినవానికి నూఱు రూపాయలవఱకు జుల్మానా పడు అవకాశముండెడిది. నోరులేని జంతువును కాపాడిన ఆ శాసనము న్యాయమైనది. అయినను పుండు మానువఱకు గుఱ్ఱమునకిచ్చు విశ్రాంతి ఆ యింటికి నిష్ఫలమైన దినములని, ఆ దినములలోను గడ్డి కొనకతప్పదని ఏ శాసనమును లెక్కింపలేదు.

గుఱ్ఱమును కొనుటయే ఆ కుటుంబము చేయు మహావ్యయము. అశ్వలక్షణములపై తెలుగున గ్రంథము రచించిన మనుమంచి భట్టు కాలమునుండి వచ్చిన సుడుల పరీక్ష సంతబేరములందును సాగినది. పండ్లు చూచి వయస్సు, నడిపించి కాళ్లు, సుడులు చూచి అదృష్టము నిర్ణయించెడివారు. వెలకు చాలినంత రొక్కము ఇంట నుండదు. ఇల్లాలి మెడలోనిదో చేతిదో తాకట్టునకు పోయి, మిగిలినది దినవాయిదాలపై అప్పు వచ్చును. గుఱ్ఱము బ్రతికియుండగా అప్పు తీఱినచో ఆ సంసారము నిలబడినట్లే. అప్పు తీఱకముందే శూలవచ్చి గుఱ్ఱము పడిపోయినచో, దాని తోకను చూచి వెల యిచ్చు నరసింహరాయలు ఆ పేటలో లేడు.

ఋతువులును వారి జమాఖర్చుతో కలసిరావు. వైశాఖ జ్యేష్ఠములలో పెండ్లిండ్ల గిరాకీ హెచ్చు. ఆ మాసములలోనే గడ్డి ఎండి మోపు వెల పెరుగును. వానలు కురిసి గట్లన్నియు పచ్చబడి, కోసుకొన్నవారికి కోసుకొన్నంత గడ్డి దొరకునప్పటికి ఆషాఢము, పెండ్లిండ్లు లేవు. ఈ రెండు కాలముల నడుమ గుఱ్ఱము చిక్కిపోకుండ, పిల్లలు పస్తుండకుండ నెట్టుకొనివచ్చిన స్త్రీల నేర్పు ఏ పద్దుపుస్తకమునను ఎక్కలేదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలు కఱవై, బస్సులు బొగ్గుగ్యాసుతో నడచిన దినములలోను జట్కా నడచుచునే యుండెను. అయితే ధాన్యముల ధరలును అప్పుడే పెరిగినందున ఆ యింట నిలువ చేరలేదు. పిదప సైకిలురిక్షా వచ్చినది. జట్కాను వీధినుండి తొలగించిన కారణము వేగమొక్కటియే కాదు. రిక్షా పనిలేనినాడు తినదు, చావదు, దానికి లాడములు అక్కఱలేదు. దినము అద్దె చెల్లించినచో చాలును. మూలధనమునకు మేత పెట్టవలసిన వృత్తి, మేత అడుగని యంత్రముతో పోటీపడి నెగ్గజాలదు. అయినను రిక్షా మేత అడుగకపోవుటకు హేతువు, అది గుఱ్ఱము స్థానమున మనుష్యుని పూన్చుటయే. పూర్వము ఉలవల పద్దులో కనబడిన శ్రమ వెల, పిదప త్రొక్కువాని గుండెలో, ఊపిరితిత్తులలో దాగినది.

మన పట్టణములు పెరిగినవని, స్టేషన్లు, మార్కెట్లు, ఆసుపత్రులు జనులకు దగ్గఱయైనవని గర్వముగా చెప్పుకొందుము. ఆ సామీప్యమును అర్ధశతాబ్దికి పైగా చౌకగా సమకూర్చినవి, తమ బియ్యముకంటె ముందు ఉలవలు కొన్న కుటుంబములు. వారి పేర్లు శిలాశాసనములకు ఎక్కకపోయినను, ఊరి చరిత్ర వ్రాయువారు రాజుల అశ్వసంఖ్యను ఎంత శ్రద్ధగా లెక్కించుచున్నారో, ఆ యిండ్ల గడ్డిమోపు పద్దును అంత శ్రద్ధగను వెదకి వ్రాయవలెను. ఆ ఋణము మనది.