నిప్పు సెగ ఎవరి సొంతం?

కుంపట్లో మక్క కంకి కాల్చేటప్పుడు గమనించారా? మంట తగ్గి బొగ్గులు కణకణలాడుతుంటేనే గింజ చక్కగా కాలుతుంది. కంకి నిప్పుకు తగలక్కర్లేదు, కాస్త ఎడంగా పట్టుకున్నా సెగ చాలు. అమ్మమ్మలకు ఎప్పటినుంచో తెలిసిన ఈ సెగ శాస్త్రజ్ఞుల కంట పడింది 1800లో. విలియం హెర్షెల్ ఎండను పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపు దాటాక ఏమీ కనబడని చోట థర్మామీటర్ పెట్టాడు. వేడి అక్కడే ఎక్కువ ఉంది! ఇప్పుడు మనం ఇన్‌ఫ్రారెడ్ అంటున్నది దాన్నే.

ఇదంతా ఎందుకు చదివానంటే, మా తమ్ముడికి కేసముద్రంలో స్టవ్వుల రిపేరు కొట్టుంది. సన్న రంధ్రాల పింగాణీ పలక మీద గ్యాస్ మండించి, ఎర్రబడ్డ పలక సెగతో జొన్న రొట్టె కాల్చే పొయ్యి ఒకటి చేశాడు. "అక్కా, దీనికి పేటెంట్ వస్తదా?" అని అడిగాడు. మరదలు పిల్లల ఫీజుకని దాచిన మిర్చి డబ్బు అందులో పెడతానంటున్నాడు. అందుకే నాకు ఆరాటం.

మన దగ్గర పొయ్యిల చరిత్ర చిన్నది కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో పనిచేసిన ఎస్.పి. రాజు గారు పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యి రూపొందించి, 1953లో దాని మీద చిన్న పుస్తకం వేశారు. అలా అచ్చయిన పద్ధతిని తర్వాత ఎవరూ కొత్తదని చెప్పి పేటెంట్ అడగలేరు. ఆడవాళ్ల కళ్లకు అది మేలే.

1911 నాటి చట్టం స్థానంలో వచ్చిన 1970 పేటెంట్ చట్టం 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది. వస్తువు కొత్తదై ఉండాలి, ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాకూడదు, పరిశ్రమలో పనికిరావాలి. తెలిసిన పరికరాలను పక్కపక్కన చేర్చి, దేని పని అది చేస్తుంటే కుదరదని 3(ఎఫ్) అంటుంది.

దీని మీద పెద్ద తీర్పు వచ్చింది గిన్నెల దగ్గరే! మీర్జాపూర్‌లో గిన్నెలను లేత్ మీద పట్టి తిప్పే సాధనానికి ఒకరు పేటెంట్ తీసుకున్నారు. 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టలేదు. మామూలు పనివాడు చేసే మెరుగు చాలదంది.

మావాడి సంగతికొస్తే, సెగ వాడిది కాదు, ఎర్రబడే పలకా కాదు. అలాంటి బర్నర్లు బయటి దేశాల్లో 1960ల నాటికే ఉన్నాయి. కానీ పలకను కాస్త వాల్చి, చుట్టూ గాడి తీశాడు. పొంగిన పాలు రంధ్రాల్లో పడకుండా పక్కకు జారిపోతాయి. నా ఆశంతా ఆ గాడి మీదే. మీర్జాపూర్ తీర్పు తలుచుకుంటే మాత్రం అదీ గట్టిగా చెప్పలేను.

ఒక్కటి మాత్రం ఖాయం. దరఖాస్తు పెట్టకముందే నలుగురికీ చూపిస్తే కొత్తదనం పోతుంది. వాడేమో యూట్యూబ్‌లో పెడతానని ఉబలాటపడుతున్నాడు! ముందు చెన్నై ఆఫీసుకు ఆన్‌లైన్‌లో తాత్కాలిక వివరణతో దాఖలు చేస్తే, సొంత పేరు మీదైతే ఫీజు 1,600 రూపాయలు. పూర్తి వివరణకు 12 నెలల గడువు ఉంటుంది. పరీక్షకు 4,000 వేరే. మరదలికి ఈ లెక్క కాగితం మీద రాసిచ్చాను. మిగతా మిర్చి డబ్బు ఆమె దగ్గరే ఉంది.