గాస్టన్‌గారి కిటికీ

పిల్లల్ని ఊరేగింపుల్లోకి పంపొచ్చా? మన ఇళ్ళల్లో ఎవర్ని అడిగినా ఏమంటారో నేను చెప్పక్కర్లేదు. "చదువుకునే పిల్లలకి అవన్నీ ఎందుకమ్మా?" అంటాం. 1942లో కాలేజీలు మానేసి వీధుల్లో పడ్డ మన కుర్రాళ్ళ తల్లులు కూడా ఆ మాటే అని ఉంటారు. అమెరికాలో, అలబామా రాష్ట్రంలో, బర్మింగ్‌హామ్ అనే ఊళ్ళో 1963లో ఈ ఒక్క ప్రశ్న మీద నాయకులూ, మతగురువులూ, లక్షాధికారులూ, చివరికి తల్లీ పిల్లలూ కూడా రెండుగా చీలిపోయారు.

అది ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. నల్లవాళ్ళ ఇళ్ళ మీద బాంబులు పడడం అక్కడ ఎంత మామూలంటే, ఊరి పేరునే 'బాంబింగ్‌హామ్' అని మార్చి పిలిచేవారు. పార్కులు అందరికీ తెరవమని కోర్టు చెబితే, తెరవడం ఇష్టంలేక 1962లో ఏకంగా పార్కులే మూసేశారు! పెద్ద బట్టల షాపులో నల్లావిడ డబ్బిచ్చి గౌను కొనుక్కోవచ్చు. వేసుకుని చూసుకునే గదిలోకి మాత్రం అడుగుపెట్టకూడదు. అదే షాపులో పర్సు ఖాళీ చేసినా, ఫలహారాల కౌంటరు దగ్గర కూర్చుని ఓ కప్పు కాఫీ తాగడానికి వీల్లేదు. పోలీసు శాఖలో 1966 దాకా ఒక్కడంటే ఒక్కడు నల్లవాడు లేడు.

ఆ శాఖకి పెద్ద బుల్ కానర్. అంతకు ముందు రేడియోలో ఆటల వ్యాఖ్యాత. పోలీసులూ, ఫైరింజన్లూ రెండూ ఆయన చేతికిందే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

1963 ఏప్రిల్లో మార్టిన్ లూథర్ కింగ్ అక్కడికొచ్చి సత్యాగ్రహం మొదలుపెట్టాడు. ఈస్టరుకి కొత్త బట్టలు కొనొద్దన్నారు. మనకి సంక్రాంతి ముందు ఎవరైనా అలా చెబితే ఎలా ఉంటుందో ఊహించండి! అయినా ఆడవాళ్ళు పంతం పట్టి షాపుల గడప తొక్కలేదు. గుడ్ ఫ్రైడే నాడు కింగ్‌ని అరెస్టు చేశారు. సరిగ్గా ఆ రోజే ఎనిమిదిమంది తెల్ల మతగురువులు ఒక ప్రకటన చేశారు.

నవలలు రాసేదాన్ని గనక నాకు దుర్మార్గుడి కథ కంటే మంచివాళ్ళ తగాదా మీద ఆసక్తి ఎక్కువ. ఈ ఎనిమిదిమందీ ముసుగులేసుకుని ఇళ్ళు తగలబెట్టే రకం కాదు. కోర్టు తీర్పుల్ని ధిక్కరించొద్దని అంతకు మూడు నెలల ముందే సాటి తెల్లవాళ్ళకి బుద్ధి చెప్పినవాళ్ళు. "కానర్ మేయరు ఎన్నికలో ఓడిపోయాడు, కొత్తవాళ్ళొస్తున్నారు, కాస్త ఆగండి. బయటివాళ్ళ మాట విని వీధుల్లోకి రాకండి, కోర్టులున్నాయి" అన్నది వాళ్ళ మాటల సారాంశం. పనిలో పనిగా పోలీసులు శాంతంగా ఉన్నారని మెచ్చుకున్నారు కూడా. కింగ్ జైల్లో కాగితం దొరక్క న్యూస్‌పేపరు అంచుల మీద జవాబు రాశాడు. నలుగురూ చూసేచోట పోలీసు మర్యాదగా ఉన్నాడు సరే, ఆ మర్యాద ఏ అన్యాయాన్ని కాపాడ్డానికో చూడొద్దా అన్నది అందులో ఒక ప్రశ్న.

ఇది తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య తగాదా మాత్రమే అయితే కథ తేలిగ్గా ఉండును. ఆ ఊళ్ళో ఏ.జి. గాస్టన్ అని ఒక నల్ల ఆసామి ఉండేవాడు. బానిసల మనవడు. ఇన్సూరెన్సు, బ్యాంకు, అంత్యక్రియల వ్యాపారం, ఇన్ని పెట్టి అప్పటికే లక్షలకి పడగెత్తాడు. కింగ్ బస చేసింది ఆయన హోటల్లోనే. అయినా ఆయనకీ వీధి పోరాటం నచ్చలేదు. తెల్ల వ్యాపారస్తులతో కూర్చుని మాట్లాడుకుంటే పనవుతుందని ఆయన నమ్మకం.

ఇంతలో ఉద్యమం చప్పబడింది. జైలుకెళ్తే ఉద్యోగం పోతుంది, ఇంటద్దె కట్టలేరు. పెద్దవాళ్ళు ముందుకు రావడం తగ్గిపోయింది. అప్పుడు జేమ్స్ బెవెల్ అనే యువ పాదరీ, "పిల్లలకి ఉద్యోగాలు లేవుగా, పోవడానికి?" అన్నాడు. కింగే తటపటాయించాడు. మే 2న బళ్ళు ఎగ్గొట్టి వచ్చిన పిల్లలు పదహారో వీధి బాప్టిస్టు చర్చిలోంచి పాటలు పాడుకుంటూ జట్లు జట్లుగా బయటికొచ్చారు. ఆ ఒక్క రోజే వందలమందిని పట్టుకెళ్ళారు. వ్యానులు చాలక స్కూలు బస్సులు తెచ్చారు. తొమ్మిదేళ్ళ ఒక పిల్ల వారం రోజులు నిర్బంధంలో ఉంది. తొమ్మిదేళ్ళు! ఆ వయసులో మన పిల్లల్ని పక్కవీధిలో చుట్టాలింటికి కూడా ఒంటరిగా పంపం.

మర్నాడు కానర్ ఫైరింజన్ల గొట్టాలు తిప్పించాడు, పోలీసు కుక్కల్ని వదిలించాడు. ఆ కుక్క ఫొటో మే 4న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో పడింది. ఇక్కడో విచిత్రం చూడండి. ప్రభుత్వంలో న్యాయశాఖ చూసే రాబర్ట్ కెనెడీ, ప్రభుత్వమంటేనే గిట్టని మాల్కం ఎక్స్, ఇద్దరూ ఒకటే మాటన్నారు: పిల్లల్ని ముందు నిలబెట్టడం తప్పని. వాళ్ళిద్దరూ కలిసిన విషయం బహుశా అదొక్కటేనేమో.

ఆ గొడవ మధ్యలో గాస్టన్‌గారు డేవిడ్ వాన్ అనే తెల్ల లాయరుతో ఫోనులో మాట్లాడుతున్నారు. కానర్‌ని పదవిలోంచి దించడానికి పాటుపడ్డవాడే ఈ వాన్. 'ఈ కింగ్ ఏమిటి, ఈ పిల్లలేమిటి' అని ఇద్దరూ విసుక్కుంటున్నారు. మాట మధ్యలో గాస్టన్ కిటికీలోంచి బయటికి చూశారు. నీళ్ళ ధాటికి ఒక నల్లపిల్ల నడివీధిలో దొర్లిపోతోంది. ఆ సంగతి చెప్పి, ఇంక మాట్లాడలేనని ఫోను పెట్టేశారు. ఊళ్ళో నల్లవాళ్ళంతా ఆ క్షణంలో కింగ్ వెనక ఒక్కటయ్యారని తర్వాత వాన్ చెప్పాడు. మతగురువుల ప్రకటనా, జైలు ఉత్తరమూ చెయ్యలేని పని కిటికీ చేసింది.

మే 10న రాజీ కుదిరింది. బట్టలు వేసుకు చూసుకునే గదులూ, ఫలహారాల కౌంటర్లూ అందరికీ తెరుస్తామన్నారు. పంతం తీరని స్కూలు బోర్డు వెయ్యిన్నీ ఎనభై ఒక్కమంది పిల్లల్ని బళ్ళోంచి పంపేస్తే, రెండ్రోజుల్లో పైకోర్టు జడ్జి ఆ ఉత్తర్వు కొట్టేశాడు. మరుసటేడు పౌరహక్కుల చట్టం వచ్చింది.

పని అయింది గనక పిల్లల్ని పంపడం ఒప్పేనంటారా? నేను అంత తేలిగ్గా అనలేను. ఆ వారంలో ఏ పసివాడి ప్రాణమూ పోకపోవడం అదృష్టం తప్ప వ్యూహం కాదు. అలాగని ఇంట్లో కూర్చోబెట్టుకుంటే పిల్లలు భద్రంగా ఉంటారనడానికీ నోరు రాదు. సెప్టెంబరు 15, ఆదివారం, అదే చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చచ్చిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్ళు, ఒకర్తికి పదకొండు. వాళ్ళు ఊరేగింపులో లేరు. మంచి బట్టలు కట్టుకుని గుడికి వెళ్ళారు, అంతే. ఆ నేరానికి మొదటి శిక్ష 1977లో పడింది, ఆఖరిది 2002లో.

ఇవాళ ఎవర్ని అడిగినా తాము కింగ్ పక్షమే అంటారు. ఆ ఏడు ఆగస్టులో వాషింగ్టన్ ప్రదర్శన గురించి గాలప్ సంస్థ జనాన్ని అడిగితే, సంగతి తెలిసినవాళ్ళలో నూటికి 23 మందే బాగుందన్నారు. 60 మంది వద్దన్నారు. బర్మింగ్‌హామ్ వీధుల్లోనూ చుట్టూ చేరిన పెద్దవాళ్ళు కొందరు పోలీసుల మీద రాళ్ళూ సీసాలూ విసిరారు. ఆ ముక్క ఎవరూ తలుచుకోరు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు మోకాలి కింద ప్రాణం విడిచాక మళ్ళీ అదే తగాదా: బాధ న్యాయమే, పద్ధతి బాగాలేదు అని కొందరు, పద్ధతిగా అడిగితే విన్నదెప్పుడని కొందరు. దుకాణాలు తగలబడ్డ మాటా నిజం, లక్షలమంది చిన్న రాయి ముట్టకుండా నడిచిన మాటా నిజం. ఎవరి కిటికీలోంచి వాళ్ళు చూశారు.

అన్నట్టు, ఫోనుకి అవతల ఉన్న డేవిడ్ వాన్ సంగతి చెప్పలేదు కదూ. 1975లో ఆయన ఆ ఊరి మేయరయ్యాడు. నల్లవాళ్ళు కూడా మనవాడే అనుకుని ఓట్లేశారు. 1979 జూన్లో ఒక దుకాణం దగ్గర కారులో ఉన్న ఇరవయ్యేళ్ళ నల్ల యువతి బోనిటా కార్టర్‌ని తెల్ల పోలీసు కాల్చి చంపాడు. ఆ అమ్మాయి ఏ నేరమూ చెయ్యలేదు. మేయరు స్వయంగా వేసిన పౌరుల సంఘమే ఆ కాల్పులకి సమర్థన లేదంది. పోలీసుని ఉద్యోగంలోంచి తీసెయ్యమని నల్లవాళ్ళు అడిగారు. తుపాకీ వాడకం నిబంధనలు బిగిస్తానన్నాడుగానీ, ఆ మనిషిని తియ్యడానికి మాత్రం వాన్ ససేమిరా అన్నాడు. ఆ అక్టోబరు ఎన్నికల్లో జనం ఆయన్ని ఇంటికి పంపి, రిచర్డ్ ఆరింగ్టన్ అనే నల్ల ప్రొఫెసర్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన 1999 దాకా లేవలేదు.