మాల తీసిన మర్నాడు: దిల్‌సుఖ్‌నగర్–ఎల్‌బీనగర్ దారిలో మద్యం, నివారించదగిన మరణాలు

సారాంశం: తాగుడు తెచ్చే చావులు మన రికార్డుల్లో తాగుడు పేరుతో నమోదు కావు. గుండెపోటు, కాలేయ వైఫల్యం, రోడ్డు ప్రమాదం, ఆత్మహత్య అనే పద్దుల కింద చెదిరిపోతాయి. మొదటి హెచ్చరికకూ మరణానికీ మధ్య తరచు ఏళ్ల వ్యవధి ఉంటుంది. నివారణకు చోటు అక్కడే ఉందని, ఆ చోటును అయ్యప్ప దీక్ష మనకు చూపిస్తోందని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలక పదాలు: మద్యం, నివారించదగిన మరణాలు, మండల దీక్ష, బస్తీ దవాఖానా

1. ధ్రువపత్రంలో లేని కారణం

ఆసుపత్రిలో మనిషి పోతే మరణ కారణాన్ని నాలుగో నంబరు ఫారంలో రాస్తారు. తక్షణ కారణం, దానికి దారితీసిన మూల కారణం, తోడ్పడిన ఇతర పరిస్థితులు అని అందులో వేర్వేరు గడులుంటాయి. మూల కారణం దగ్గర గుండె, శ్వాస ఆగిపోయాయని మాత్రమే రాస్తే పదిహేనేళ్ల తాగుడు ఆ కాగితం మీదికి రాదు. 1993లో మెక్‌గినిస్, ఫేగీ అనే వైద్యులు ఈ లోపాన్నే పట్టుకున్నారు. 1990 నాటి అమెరికా మరణాలను రోగాల వారీగా కాక అలవాట్ల వారీగా లెక్కకట్టారు. పొగాకుకు సుమారు 4 లక్షలు, తిండి తీరుకూ వ్యాయామ లోపానికీ కలిపి 3 లక్షలు, మద్యానికి లక్ష మరణాలు తేలాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో మద్యం వల్ల 26 లక్షల మంది మరణించారు.

2. ఆ దారి, ఆ సాయంత్రం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం మద్యం తాగుతారు. దేశం మొత్తం మీద మగవాళ్లలో ఇది సుమారు 19 శాతమే.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్‌బీనగర్ చౌరస్తా దాకా సాగేది విజయవాడ హైవేనే. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల దుకాణాలు, విజయవాడ బస్సుల కోసం ఎదురుచూసే జనం అన్నీ దీని మీదే. పని దిగిన మనిషికి ఇంటిదారిలోనే వైన్ షాపు, దాన్ని ఆనుకొని పర్మిట్ రూమ్ ఎదురవుతాయి. ప్లాస్టిక్ గ్లాసు, వాటర్ ప్యాకెట్, గుప్పెడు పల్లీలు, ఒక క్వార్టర్. నిలబడే తాగేసి, బయట పెట్టిన బండి స్టార్ట్ చేస్తాడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. ఆ రాత్రి పోలీసు తనిఖీలో దొరికినవాడు ఒక రకంగా అదృష్టవంతుడు. అతను ఇల్లు చేరతాడు.

3. నలభై ఒక్క రోజులు

కార్తీకం వచ్చేసరికి ఇదే దారిలో అయ్యప్ప దీక్ష నల్లబట్టలు కనిపిస్తాయి. మాల వేసుకున్నవాడు తెల్లవారుజామునే చన్నీళ్ల స్నానం చేస్తాడు, చెప్పులు వేసుకోడు, మందు ముట్టడు. నిన్నటిదాకా “రారా, ఒక్క పెగ్గే” అన్న స్నేహితుడే ఇవాళ “స్వామీ” అని పిలుస్తాడు. గ్లాసు అతని ముందు పెట్టడు. గురుస్వామి, పీఠం, పడిపూజ, ఇంట్లో మారిన వంట అన్నీ కలిసి ఆ మనిషిని కాపలా కాస్తాయి.

ఇక్కడ వైద్యం, ఆచారం ఒకచోట కలుస్తాయి. తాగుడు వల్ల కాలేయానికి పట్టిన కొవ్వు పూర్తిగా మానేస్తే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గిపోతుంది. మండల దీక్ష కూడా ఇంచుమించు అంతే. ఇంకా సిర్రోసిస్ దాకా పోని కాలేయానికి ఆ 41 రోజులు నిజమైన విశ్రాంతి. కానీ శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే కొందరు పాత చోటికి చేరతారు. సంకల్పం వారికి లేక కాదు. ఆ కాపలా మాలతోపాటే పోయింది.

4. మానిన మూడో రోజు

అయితే రోజూ విపరీతంగా తాగేవారికి ఇలా మానడంలోనూ ఒక ప్రమాదం ఉంది. పొద్దున్నే చేతులు వణికే మనిషి ఒక్కసారిగా మానేస్తే తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేనివి కనిపించడం, పలవరించడం మొదలుకావచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లోవాళ్లు దాన్ని గాలి సోకడమనుకుంటే విలువైన గంటలు పోతాయి. కళ్లు పచ్చబడితే కాలేయ పరీక్ష మానేసి పసరు మందుకు పోవడం కూడా ఇలాంటి ఆలస్యమే.

ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే 2019లో వెల్లడించిన ప్రకారం, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగిలిన 37 మందికి మనం ఇస్తున్నది తిట్లు, ఒట్లు మాత్రమే.

5. ఉపసంహారం

మద్యంపై మన పోరాటం దుకాణం చుట్టూ నడిచింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రగిల్చిన ఉద్యమంతో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. దుకాణం మీద అదుపు అవసరమే, తాగే మనిషికి చికిత్సా అంతే అవసరం.

నగరంలో 2018 నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగర్ చూసేటప్పుడే ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పది ప్రశ్నల ‘ఆడిట్’ పత్రంతో తాగుడు గురించీ అడగాలి. మాల వేయించే ముందు “స్వామీ, పొద్దున చేతులు వణుకుతాయా?” అని గురుస్వామి అడగాలి. అవునంటే మొదట డాక్టరు దగ్గరికి పంపాలి. వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబరు ప్రతి పీఠం గోడ మీదా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, మాల తీసిన మర్నాడు ఆ మనిషికి ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. 41 రోజులు మానగలిగినవాడికి నలభై రెండో రోజు తోడు దొరకాలి. ఆ తోడును ఏర్పాటు చేయడం అతని చుట్టూ ఉన్న మన బాధ్యత.