రాజంపేట ట్రంకు పెట్టెలో జపాన్ ఫోటో

పోయిన నెల మన రాజంపేట పక్క పల్లె నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో ఫోటో పంపినాడు. ముగ్గురు మన సిపాయిలు, ముందర నలుగురు పిల్లకాయలు, వెనక చెక్క ఇల్లు. "మా జేజినాయన బర్మా ఫోటో అన్నా. ఇల్లు మారతాండాం, ఈ పెట్టెంతా పారేయమంటాంది అమ్మ" అన్నాడు.

జూమ్ చేసినా. బోర్డు మీద త్రిశూలం మాదిరి ఒక అక్షరం. బర్మా లిపి మన తెలుగు మాదిరి గుండ్రంగా ఉంటాది కదా, ఇది కాదే అనిపించింది. గూగుల్ లెన్స్‌లో పెడితే 'ఒకాయామా' అని వచ్చింది. జపాన్!

1945లో జపాన్ లొంగిపోయినాక అక్కడ ఉన్నది అమెరికా సైన్యం ఒక్కటే కాదు. 1946 మొదట్లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇండియా సైన్యాలు కలిసి పోయినాయి. మొత్తం 40 వేల దాకా ఉంటారు. మనవాళ్ల డివిజన్ ఒకాయామా వైపు ఉండేది. ఆయుధాలు నాశనం చేయడం, గస్తీ, టోక్యోలో చక్రవర్తి ప్యాలెస్ ముందు కాపలా, ఇవీ పనులు. అందులోని 268వ బ్రిగేడ్ అంతకుముందు బర్మాలో కొట్లాడిందే. జపాన్‌లో దానికి కమాండర్‌గా చేసిన తిమ్మయ్య తర్వాత మన ఆర్మీ చీఫ్ అయినాడు. కాబట్టి ఇంట్లో బర్మా అనుకోవడంలో వింతేం లేదు.

ఇంకోటి గమనించండి. అప్పటికి మనమే ఇంకొకరి పాలనలో ఉన్నాం. మన సిపాయి పోయి ఇంకో దేశం మీద కాపలా! జపాన్ వాళ్లతో కలవద్దు, వాళ్ల ఇళ్లలోకి పోవద్దు అని పైనుంచి ఆర్డర్. ఈ ఫోటోలో చూస్తే ఒక పాప సిపాయి వేలు పట్టుకోని ఉంది.

ఇట్లాంటి ఫోటోలు ఎందుకు ముఖ్యమంటే, హిరోషిమా ఈ సైన్యం ఏరియాలోనే ఉండేది. అణుబాంబు ఫోటోలు పత్రికల్లో రాకుండా అమెరికా సెన్సార్ అడ్డుకునేది. ఆక్రమణ అయిపోయినాక, 1952 ఆగస్టులో 'అసాహి గ్రాఫ్' అచ్చేసినాకనే జపాన్‌లో చానామంది వాటిని చూసినారు. అదే టైంలో సిపాయిల పర్సులో, ట్రంకు పెట్టెల్లో సొంత ఫోటోలు ఊరికే ఉండిపోయినాయి.

1947లో మనవాళ్లు వెనక్కి వచ్చేసినారు. వచ్చేసరికి దేశమే మారిపోయింది, విభజనతో పటాలాలు కూడా రెండుగా పంచుకున్నారు. జపాన్ ముచ్చట అడిగేవాళ్లెవరు?

తమ్ముడికి ఫోన్ చేసి, ఫోటో వెనక్కి తిప్పి అది కూడా తీసి పంపమన్నా. పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది, సగం చెరిగిపోయింది. 'మే 46' వరకు చదవగలిగినా. పెట్టె మాత్రం ఇంకా పారేయలేదంట.