దశబంధం: రాయలసీమ చెరువుల నిర్వహణలో గ్రామ బాధ్యత – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

సుస్థిర గ్రామాభివృద్ధిని గురించిన చర్చల్లో ‘ప్రజల భాగస్వామ్యం’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. అయితే ఉమ్మడి వనరును తరతరాలుగా కాపాడుకోవడానికి గ్రామస్థుల సద్భావన ఒక్కటే చాలిందా, మరే ఏర్పాటైనా తోడ్పడిందా అన్నది చరిత్ర ఆధారంగా తేల్చవలసిన విషయం. వర్షాభావ ప్రాంతమైన రాయలసీమలో చెరువులకు అండగా నిలిచిన దశబంధ మాన్యాలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పోరుమామిళ్ల శాసనం

కడప జిల్లా పోరుమామిళ్లలోని శా.శ. 1291 (క్రీ.శ. 1369) నాటి శాసనం మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు చెరువు కట్టించిన వృత్తాంతాన్ని తెలుపుతుంది. రోజుకు వేయిమంది కూలీలు, రాళ్లు మోసే నూరు బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్లు అందులో ఉంది. మంచి చెరువుకు కావలసిన 12 సాధనాలను, పనికిరాని 6 దోషాలను కూడా ఈ శాసనం పేర్కొంటుంది. కట్ట నుండి నీరు ఊరడం, చవుడు నేల వంటి దోషాల సరసనే, చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండటాన్నీ దోషంగా చెప్పడం గమనార్హం. నీటిపై అధికారం తేలని చోట కట్ట గట్టిదనం ఒక్కటే చెరువును కాపాడలేదన్న ఎరుక ఇందులో వ్యక్తమవుతుంది.

3. దశబంధం స్వరూపం

చెరువు నిలవాలంటే పూడిక తీయాలి, కట్టను బలపరచాలి, తూములు, అలుగు బాగుచేయాలి. సొంత ఖర్చుతో చెరువు తవ్వించిన లేదా పునరుద్ధరించిన వారికి ఈ బాధ్యతతో కూడిన మాన్యమే దశబంధం. పదోవంతు అనే అర్థం పేరులోనే ఉన్నా, ఆచరణలో ఆ వంతు అన్నిచోట్లా ఒకటే కాదు. నిర్దిష్టమైన భూమిని ఇస్తే ఖండ దశబంధమనీ, ఆయకట్టు శిస్తులో భాగాన్ని ఇస్తే షామిలాతు దశబంధమనీ వ్యవహరించేవారు. రెండో పద్ధతిలో చెరువు ఎండితే మాన్యదారుని రాబడీ పడిపోతుంది. అంటే చెరువు క్షేమం, మాన్యదారుని స్వప్రయోజనం ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి.

అయితే ఈ ఏర్పాటు సమానత్వంపై నిలిచింది కాదు. తూము తెరిచి మడిమడికీ నీరు పారించిన నీరుగంట్లు చాలాచోట్ల దళిత కులాలవారు. వారికి దక్కింది కళ్లంలో ఇచ్చే కొద్దిపాటి గింజలు లేదా చిన్న మాన్యం. చెరువుపై పెత్తనం మాత్రం భూమి ఉన్నవారిదే.

4. వలసపాలనలో మార్పు

1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ వశమయ్యాయి. శిస్తు వసూలు కేంద్రీకృతమయ్యేకొద్దీ మరమ్మత్తు బాధ్యతకూ రాబడికీ ఉన్న ముడి సడలింది. 1858 నాటి మద్రాసు 1వ చట్టం చెరువు పనులకు గ్రామస్థుల శ్రమను నిర్బంధం చేసింది. పూర్వం ప్రతిఫలంతో కూడిన బాధ్యతను శిక్షాభయంతో రాబట్టాలన్నది దీని సారాంశం.

5. ముగింపు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997 నాటి చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచి నిర్వహణను తిరిగి రైతులకు అప్పగించింది. అయితే సంఘ సభ్యత్వం ఆయకట్టు భూమితో ముడిపడి ఉంది. దశబంధ చరిత్ర నుండి గ్రహించవలసినవి రెండు: నిర్వహణ బాధ్యతకు నిలకడైన రాబడి తోడు కావాలి, ఆ రాబడిలో శ్రమించేవారికీ న్యాయమైన వాటా ఉండాలి. మొదటిదాన్ని పూర్వవ్యవస్థ సాధించింది, రెండవదాన్ని విస్మరించింది. నేటి సుస్థిర గ్రామ ప్రణాళికలను ఈ రెండు ప్రమాణాలతోనూ పరీక్షించవలసి ఉంది.